తీరిక పనని పేరు

పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు ఏ పల్లెకైనా మధ్యాహ్నం పూట వెళ్తే అరుగుల మీద ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ కనిపిస్తారు. చూపు ఎదుటి మనిషి మీదే ఉంటుంది, చేతులు మాత్రం ఆగవు. కుడిచేతిలో కొన వంగిన సన్నటి ఉక్కు సూది, ఎడమ చూపుడువేలికి చుట్టిన తెల్లదారం, ఒళ్లో సగం పూర్తయిన పువ్వు. దారిన పోయేవాళ్లు దాన్ని కాలక్షేపం అనుకుంటారు. లేసు పనికి అన్నిటికంటే ఎక్కువ చేటు చేసింది ఆ మాటే.

అలా అనుకోవడానికి కారణం ఈ అల్లికలోనే ఉంది. స్వెటర్ అల్లడానికి రెండు సూదులు కావాలి. వరసలోని కుట్లన్నీ సూది మీదే నిలిచి ఉంటాయి. ఒక్కటి జారిందంటే కిందిదాకా ఊడిపోతుంది. లేసుకు సూది ఒకటే. ఒక కుట్టు ముగించాక సూది మీద మిగిలేదీ ఒక్క ఉచ్చే. పాలు పొంగుతున్నాయంటే ఆ ఉచ్చును కాస్త పెద్దది చేసి వదిలేసి లేవొచ్చు, చంటిపిల్లను నిద్రపుచ్చి వచ్చి మళ్లీ అక్కణ్ణుంచే అందుకోవచ్చు. మగ్గం అక్కర్లేదు, వేరే గది అక్కర్లేదు. ఇంటి పనుల సందుల్లో ఇంత చక్కగా ఇమిడే చేతిపని మరొకటి లేదు. ఇమిడింది కాబట్టే దాన్ని పనిగా ఎవరూ లెక్కలో వేయలేదు.

ఐర్లండులో 1845 నుంచి బంగాళాదుంప పంట కుళ్లిపోయి కరువు వచ్చినప్పుడు, కాన్వెంట్లలోని సన్యాసినులు ఆడవాళ్లకు ఈ క్రోషియా లేసే నేర్పి, దాన్ని అమ్మించి కుటుంబాలను నిలబెట్టారు. ఇంచుమించు అదే కాలంలో మిషనరీల వెంట ఈ పని గోదావరి తీరానికీ వచ్చింది. 1844లో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు నేర్పారని ఎక్కువగా చెబుతారు. మొదట క్రైస్తవంలో చేరిన పేద కుటుంబాల ఆడవాళ్లు పట్టుకున్నారు. తర్వాత ఆడవాళ్లు పొలానికి వెళ్లడం పరువు తక్కువ అనుకునే ఇళ్లలోకి, ఘోషా పాటించే కాపుల ఇళ్లలోకీ పాకింది. గడప దాటకుండా నాలుగు డబ్బులు వస్తున్నప్పుడు ఎవరు కాదంటారు?

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నరసాపురం ప్రాంతంలో ఈ పనిని దగ్గరగా పరిశీలించి, 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' అనే పుస్తకం తెచ్చారు. వ్యాపారి దారం ఇస్తాడు, ఏజెంటు ఇల్లిల్లూ తిరిగి పంచుతాడు. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. కూలి ముక్క లెక్కన. సరుకు విదేశాలకు వెళ్తుంది. రోజులో ఎన్నో గంటలు ప్రపంచ మార్కెట్టు కోసం పనిచేసే ఈ మనుషులు మాత్రం 'ఇంట్లో ఊరికే కూర్చునేవాళ్లు'గానే ఉండిపోయారు, అందుకే కూలి అంత అడుగున ఉంది అని ఆమె తేల్చారు. నలభై ఏళ్లు దాటినా ఆ వాదనలో పదును పోలేదు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. కాకపోతే ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, ముక్కకు కూలి ఎంతో చెప్పదు.

ఆ కూలి ఎంత ఉండాలో తెలియాలంటే ఒక చిన్న ముక్క మనమే అల్లి చూడటం మేలు. రావలసిన కుట్లు మూడే. ఉచ్చులోంచి ఉచ్చు లాగితే గొలుసు. కింది కుట్టులో సూది గుచ్చి దారం లాగి, సూది మీదున్న రెండు ఉచ్చుల్లోంచి ఒకేసారి తీస్తే పొట్టి కుట్టు. గుచ్చే ముందే సూదికి దారం ఒకసారి చుట్టుకుంటే పొడుగు కుట్టు. మిగిలిన డిజైన్లు చాలామటుకు వీటి కూర్పులే.

కష్టం కుట్టులో లేదు, లెక్కలో ఉంది. గుండ్రటి బిళ్ల బల్లపరుపుగా రావాలంటే పొట్టి కుట్లతో చుట్టుకు 6 చొప్పున పెంచుకుంటూ పోవాలి: 6, 12, 18, 24. వృత్తం చుట్టుకొలత వ్యాసార్ధానికి ఆరు రెట్ల పైచిలుకు కదా, లెక్క అక్కణ్ణుంచి వచ్చిందే. పొడుగు కుట్టు ఎత్తు ఎక్కువ కాబట్టి చుట్టుకు 12 పెంచాలి. పెంచడం మానేస్తే అంచులు పైకి లేచి గిన్నె ఆకారం వస్తుంది. మోతాదు మించి పెంచితే కుచ్చిళ్లు పడతాయి. ఈ కుచ్చిళ్లనే పట్టుకుని డైనా టైమినా అనే గణిత శాస్త్రవేత్త 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో, కాగితం మీద సరిగ్గా చూపలేని హైపర్‌బోలిక్ తలాన్ని క్రోషియాతో అల్లి విద్యార్థుల చేతికిచ్చారు. బడి గడప తొక్కకుండానే ఈ లెక్కను వేళ్లతో నేర్చుకున్నవాళ్లు మన డెల్టాలో తరతరాలుగా ఉన్నారు.

అంచులు లేచే ఆ గిన్నె ఆకారమే చంటిబిడ్డ టోపీ. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత మామూలుగా 34, 35 సెంటీమీటర్లు. కాబట్టి నడినెత్తి బిళ్ల వెడల్పు పదిన్నర, పదకొండు సెంటీమీటర్లకు రాగానే పెంచడం ఆపి, ఉన్న కుట్ల మీదే చెవుల దాకా దించుకుంటూ రావాలి. బారసాలకు ఇవ్వాలంటే మన ఎండలకు ఉన్ని వద్దు, మెత్తటి నూలు చాలు. గుండీలు, పూసలు, పొడుగు తాళ్లు పెట్టకండి. మేజోళ్లయితే చిల్లుల డిజైనూ వద్దు. బిడ్డ కాలివేలు దారంలో చిక్కుకుంటే నొప్పని చెప్పుకోలేదు, ఏడుస్తుందంతే. లోపలి వైపు వదులు పోగు ఒక్కటీ ఉండకూడదు. దారం కొసలను కుట్ల మధ్యకు అటొకసారి ఇటొకసారి సూదితో దూర్చి కత్తిరించాలి.

కొత్త కాపురానికైతే మంచినీళ్ల జగ్గు మీద కప్పే బిళ్ల ఇవ్వొచ్చు. 20 నంబరు మెర్సిరైజ్డ్ దారం, ఒకటింపావు మిల్లీమీటరు సూది సరిపోతాయి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందని గుర్తుంచుకోండి. పూసలను ముందే దారానికి ఎక్కించి పెట్టుకుని, చివరి చుట్టులో ఒక్కోదాన్ని కుట్టు దగ్గరికి జరుపుతూ అల్లితే, ఆ బరువుకు అంచు కిందికి దిగి ఫ్యాను గాలికి లేవకుండా ఉంటుంది. పాత టీవీ సెట్ల మీద, రేడియోల మీద పరిచిన బిళ్లలకు ఇప్పుడు చోటు లేదు. గోడకు అతుక్కున్న టీవీ మీద దేన్ని పరుస్తాం?

అల్లడం అయ్యాక చాలామంది చేసే తొందరపని, దాన్ని అలాగే మడిచి ఇచ్చేయడం. ఉతికి, పల్చటి గంజిలో ముంచి పిండి, దళసరి తువ్వాలు మీద పరిచి, ఒక్కో రేకు కొసనూ లాగి గుండుసూది గుచ్చి నీడలో ఆరబెట్టాలి. అప్పటిదాకా ముడుచుకున్న డిజైన్ అప్పుడే విచ్చుకుంటుంది. సూదులు తుప్పు పట్టనివై ఉండాలి, లేకపోతే తెల్లటి లేసు మీద మరకలు ఉండిపోతాయి. గంజి బదులు పంచదార పాకం పెట్టే పద్ధతి కూడా ఉంది. చీమలు తిరిగే ఇళ్లలో దాని జోలికి పోవద్దు.

అల్లుతున్నప్పుడు గడియారం చూసుకుని ఎన్ని గంటలు పట్టిందో ఒక కాగితం మీద రాసుకోండి. చెయ్యి తిరిగినవాళ్లకు అందులో సగమే పడుతుందనుకుని, మీ ఊళ్లో రోజు కూలిని గంటల లెక్కకు మార్చి, దానితో గుణించి, దారం ఖర్చు కలపండి. ఎగ్జిబిషన్లో నరసాపురం స్టాలు దగ్గర ఆగినప్పుడు ఆ కాగితం చేతిలో ఉంటే బేరం వేరుగా సాగుతుంది. అక్కడి ముక్కను తిరగేసి అతుకులు చూడండి, ఎన్ని పువ్వులు కలిపారో లెక్కపెట్టండి, ఏజెంటుకు, కొట్టుకు పోయేదెంతో అడగండి. మహిళా సంఘం నేరుగా అమ్ముతుంటే అక్కడే కొనండి.