పుట్టి మీద ఇద్దరు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి మీదుగా నిజాంసాగర్ వెళ్లేవారికి మంజీర నిండుతనం హస్త, చిత్త కార్తెల్లోనే బాగా కనిపిస్తుంది. అప్పటికి ఎగువ వరద తగ్గుతుంది, ప్రాజెక్టు గేట్లు దించేస్తారు, ఎర్రగా పారిన నీళ్లు మెల్లగా తేరుకుంటాయి. ఊళ్లలో బతుకమ్మ పాటలు వినిపించే ఆ రోజుల్లో జలాశయాల మీద గుండ్రటి పుట్టిలో ఆలుమగలు వేటకు బయల్దేరుతారు. ఒకరి చేతిలో వల ఉంటే ఇంకొకరి చేతిలో తెడ్డు ఉంటుంది. గట్టున నిలబడ్డవారి చూపు వల మీదికే పోతుంది. వేట సాగేదీ, ఇద్దరూ క్షేమంగా తిరిగొచ్చేదీ తెడ్డు పట్టిన చేతి నేర్పుతో.

పుట్టి తయారీ చూస్తే ఆ నేర్పు ఎందుకు కావాలో తెలుస్తుంది. పచ్చి వెదురును బద్దలుగా చీల్చి, చదునైన నేల మీద నడుమ నుంచి అల్లిక మొదలుపెడతారు. అల్లిక కావలసినంత వెడల్పయ్యాక మధ్యలో రాళ్లు పేర్చి, బరువు మీద అంచులను పైకి వంచుతారు. చుట్టూ లావుపాటి బద్దల కట్ట పెట్టి బిగిస్తారు. పూర్వం దీనికి పశువుల తోలు తొడిగేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ సంచులో, టార్పాలినో తొడిగి కాచిన తారు పూస్తున్నారు. ఫైబర్ పుట్టిలూ వచ్చాయి. వెదురు పుట్టికి మేకు అక్కర్లేదు. రాయికి తగిలితే అడుగు కొంచెం వంగి మళ్లీ సర్దుకుంటుంది. చిరుగు పడితే గట్టునే అతుకు వేసి తారు రాసుకోవచ్చు. వేట అయ్యాక ఒక మనిషి వీపున బోర్లించుకుని ఇంటికి మోసుకుపోవచ్చు.

దీనికి ముక్కు లేదు, తోక లేదు, చుక్కాని లేదు. మామూలు పడవకు వేసినట్టు ఒక పక్కన తెడ్డు వేస్తే ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది. అందుకే తెడ్డు వేసేవారు వెళ్లాల్సిన వైపు అంచున మోకాళ్ల మీద కూర్చుంటారు. తెడ్డును నీటిలో నిలువుగా దించి, 8 అంకె రాసినట్టు అటూ ఇటూ తిప్పుతూ నీటిని తమవైపు లాక్కుంటారు. పుట్టి ఆ లాగుడు వెంట కదులుతుంది. బలం కన్నా లయ ముఖ్యం. లయ తప్పితే ఎంత కండబలం ఉన్నా ముందుకు పోయేది తక్కువ, తిరిగేది ఎక్కువ.

సాయంత్రం వల కట్టడంలో ఇద్దరి పని పూర్తిగా కలిసిపోతుంది. నిలువు వలకు పైతాడున బెండ్లు, కిందితాడున గుండ్లు ఉంటాయి. నీటిలో అది గోడలా నిలబడాలంటే పుట్టి ఒకే వేగంతో, ఒకే వాలున కదలాలి. తెడ్డు తొందరపడితే వల బిగుసుకుంటుంది, వెనకబడితే ముద్దగా పడుతుంది. తెల్లవారి వల తీసేటప్పుడు పద్ధతి మారుతుంది. తెడ్డు పక్కన పెట్టి, పైతాడునే పట్టుకుని గుంజుకుంటూ వల వెంబడి సాగుతారు. ఒకరు అంచుకు వంగి బరువైన వలను ఎత్తితే ఇంకొకరు వెంటనే ఎదుటి అంచుకు జరగాలి. ఇద్దరూ ఒకే పక్కకు ఒరిగితే పుట్టి బోల్తా పడుతుంది. “గుంజు”, “ఆగు”, “జర జరుగు” అన్న పొట్టి మాటలతోనే పని నడుస్తుంది. ఏళ్ల తరబడి కలిసి వేటాడిన జంటకు ఆ మాటల అవసరమూ తక్కువే.

నిజాంసాగర్ నీళ్లు ఈ నేర్పుకు మరో పరీక్ష పెడతాయి. బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర 724 కిలోమీటర్లు ప్రవహించి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నదికి అడ్డంగా 1923లో మొదలుపెట్టి 1931లో ఈ ఆనకట్టను పూర్తి చేశారు. దీని రూపశిల్పి ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కట్టినప్పుడు 29.7 టీఎంసీలు పట్టిన జలాశయం సామర్థ్యం ఇప్పుడు 17.8 టీఎంసీలే. నది మోసుకొచ్చిన ఒండ్రు ఏటేటా అడుగున చేరడమే ఇందుకు ముఖ్య కారణం. ప్రతి వరద తర్వాతా ఎక్కడో ఒకచోట మేట పెరుగుతుంది, మరోచోట కోత పడుతుంది. నిరుడు తెడ్డు అందని చోట ఈ ఏడు బురద తగలవచ్చు. జానెడు లోతు నీటిలోనూ తేలే పుట్టి ఇలాంటి మేటల మీదుగా, మునిగిన మోడుల మధ్యగా దారి చేసుకుంటుంది. లోతు పడవలకు అది సాధ్యం కాదు. తెడ్డు మొన తగిలిన తీరును బట్టి అడుగున ఇసుకో, బండో, బురదో చెప్పగలగడం చదువుల్లో దొరకని విద్య.

గాలి విషయంలో మాత్రం పుట్టి బలహీనమైనదే. నీటిలో లోతుగా దిగదు కాబట్టి ఎండుటాకులా గాలివాటున కొట్టుకుపోతుంది. మధ్యాహ్నం గాలి లేవకముందే గట్టు చేరాలన్న పట్టుదల అందుకే. గేట్లు ఎత్తే రోజుల్లో ఆనకట్ట దరిదాపులకు పోకూడదు. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానలు, ఈ వాగులూ నదీ ఎంత వేగంగా ఉప్పొంగుతాయో అందరికీ చూపాయి.

ఈ గుండ్రటి పడవ చరిత్ర చాలా పాతది. 16వ శతాబ్దంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది రేవులో తోలు తొడిగిన బుట్ట పడవల్లో మనుషులను, గుర్రాలను కూడా దాటించడం గురించి రాశాడు. ఇరాక్‌లో టైగ్రిస్ నది మీద కుఫా అనే గుండ్రటి పడవ తిరిగింది. వేల్స్ నదుల్లో చేపల వేటకు కొరకిల్ వాడారు. మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ దక్షిణ భారతపు పుట్టిలను టైగ్రిస్ పడవలతో పోల్చి అధ్యయనం చేశాడు. రాళ్లూ లోతులేని నీళ్లూ ఎక్కువైన చోట్ల మనుషులు దాదాపు ఒకే ఉపాయానికి వచ్చారన్నమాట.

తెలంగాణలో గంగపుత్రులు, ముదిరాజులు ఈ వృత్తిని నిలబెడుతూ వచ్చారు. నిండు నీటిలో చేప చెదిరిపోయి ఉంటుంది కాబట్టి శరత్కాలపు వేటకు ఓపిక ఎక్కువ కావాలి. బొచ్చ, రవ్వ, బంగారుతీగ, అదృష్టం బాగుంటే రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొర్రమీను వలలో పడతాయి. పట్టిన చేపను బజారుకు చేర్చి అమ్మడం చాలాచోట్ల ఆడవాళ్ల పనే. మత్స్య సహకార సంఘాల్లో సభ్యత్వం మాత్రం ఎక్కువగా మగవారి పేరునే ఉంటోంది. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో, జలాశయాల్లో ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది. ఆ చేప మీద హక్కు తెడ్డు పట్టిన భార్యకూ సమానంగా దక్కాలి. సభ్యత్వానికి పెట్టే వృత్తి నైపుణ్య పరీక్షల్లో వల విసరడానికీ, ఈతకూ ఇచ్చిన విలువే పుట్టి నడపడానికీ ఇవ్వాలి. ఒక్కో పుట్టికి రెండు లైఫ్ జాకెట్లు, గేట్లు ఎత్తే ముందు సెల్‌ఫోన్‌కు హెచ్చరిక, వెదురు అల్లిక తెలిసిన పెద్దల దగ్గర కుర్రవాళ్లకు శిక్షణ అందితే ఈ విద్య మరో తరానికి నిలుస్తుంది. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. జిల్లా మత్స్యశాఖ, సంఘాలు కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే వానాకాలానికే మొదలుపెట్టవచ్చు.