సెట్టు విప్పేస్తున్న వేళ

నటుడు ఉన్నట్టుండి కెమెరా వైపు తిరిగి మనతో మాట్లాడితే నవ్వొస్తుంది. ఆ నవ్వు సులువుగా దొరుకుతుంది కాబట్టే, కథ నీరసించిన ప్రతిచోటా రాసేవాళ్లు దాన్ని వాడేస్తుంటారు. కథలు రాసే నాకు అది చూసినప్పుడల్లా కష్టంగా ఉంటుంది. 'మూన్‌లైటింగ్' సీరియల్ ఆఖరి ఎపిసోడ్ 'లూనార్ ఎక్లిప్స్' మీద నాకున్న గౌరవం, అది ఆ ఎత్తును ఉత్త నవ్వు కోసం వాడలేదనే.

అమెరికాలో ఏబీసీ ఛానెల్లో 1985లో మొదలైన డిటెక్టివ్ కామెడీ ఇది. గ్లెన్ గోర్డన్ కారన్ సృష్టి. మ్యాడీ హేస్ ఒకప్పుడు పేరున్న మోడల్. లెక్కలు చూసేవాడు ఆమె డబ్బంతా ఊడ్చుకుపోయాక, లాస్ ఏంజెలెస్‌లో నష్టాల మీద నడుస్తున్న ఒక డిటెక్టివ్ ఏజెన్సీ మిగులుతుంది. దాన్ని నడిపే నోటి దురుసు మనిషి డేవిడ్ అడిసన్. సిబిల్ షెపర్డ్, అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని బ్రూస్ విల్లిస్ ఆ పాత్రలు వేశారు. హత్యలూ దొంగతనాలూ వంకే. వీళ్లిద్దరి వాదులాట కోసమే జనం టీవీ ముందు కూర్చునేవారు.

ఆ వాదులాటలో ఒకరి మాట పూర్తవకముందే ఇంకొకరు అందుకునేవారు. మామూలు స్క్రిప్టుకు దాదాపు రెట్టింపు పేజీలు రాసినా ఒక్కోసారి నిడివి చాలేది కాదు. ఆ ఖాళీ నింపడానికే మొదట ఇద్దర్నీ కెమెరా ముందు నిలబెట్టి ప్రేక్షకులతో మాట్లాడించారు. అవసరం కొద్దీ చేసిన పని అలవాటైంది, తర్వాత సీరియల్‌కే ముద్రయింది. 1987 జనవరిలోనైతే సినిమా కబుర్లు చెప్పే అసలు విలేకరి రోనా బారెట్టే కథలోని ఆఫీసుకొచ్చి, మీ ఇద్దరికీ ఎందుకు పడటం లేదని ఆరా తీసింది. నటులిద్దరి గొడవల గురించి పత్రికలు రాస్తున్న రోజులవి.

మన కూచిపూడి భామాకలాపంలోనూ సూత్రధారుడు సత్యభామతో మాట కలుపుతాడు, తానే ఆమె చెలికత్తె మాధవి అవుతాడు. అక్కడ కథలోకీ బయటికీ జరిగే ఆ రాకపోకలతోనే కథ కదులుతుంది. 'మూన్‌లైటింగ్'లో చాలాసార్లు అవి కథను ఆపి నవ్వించాయి, అంతే.

ఆఖరి ఎపిసోడ్‌లో అలా కాదు. మ్యాడీ, డేవిడ్ ఆఫీసుకొచ్చేసరికి పనివాళ్లు సామాను మోసుకుపోతుంటారు, సెట్టు విప్పేస్తుంటారు. సీరియల్ ఆగిపోయిందని అప్పుడు తెలుస్తుంది. నిర్మాత దగ్గరికి పరుగెత్తుతారు. చూడనంటున్న జనాన్ని కూర్చోబెట్టి చూపించడం తన వల్ల కాదంటాడాయన. మీ ప్రేమకథ మీద వాళ్లకు మనసు విరిగిందంటాడు. దాంతో ఇద్దరూ, పెళ్లి చేసుకుంటే సీరియల్ బతుకుతుందేమోనని చర్చి ఫాదర్ కోసం పరుగు తీస్తారు. వాళ్ల పెళ్లి జరగదు. వాళ్ల ఆఫీసులో ఫోన్లెత్తే ఆగ్నెస్‌కు, తోటి ఉద్యోగి బర్ట్‌కు మాత్రం అదే ఎపిసోడ్‌లో పెళ్లవుతుంది.

నన్ను కదిలించేది ఆ పరుగు. తాము కథలో మనుషులమని తెలిసినా పాత్రలు మనకేసి కన్ను కొట్టి ఊరుకోలేదు. ఉద్యోగం, గది, పక్కనున్న మనిషి, అన్నీ ఒక్కసారే పోతున్నాయి. ఏ మనుషులైనా అలాంటప్పుడు చేసే తొందరపాటు పనే వాళ్లూ చేశారు.

రాసినవాళ్ల నిజాయితీ కూడా అక్కడే కనిపిస్తుంది. 1987 వసంతంలో మ్యాడీనీ డేవిడ్‌నీ కలిపాక కథ తడబడింది. షెపర్డ్ గర్భవతి, విల్లిస్ 'డై హార్డ్' షూటింగులో. ఇద్దరూ కలిసి ఉండే సీన్లే కరువయ్యాయి. 1988లో రచయితల సమ్మె. ఆఖరి ఎపిసోడ్ నాటికే కారన్ తప్పుకున్నాడు. వాళ్లు చెప్పుకోవాలంటే సాకులు బోలెడు. అవన్నీ పక్కనపెట్టి, ఆ ప్రేమను మేం నిలబెట్టలేకపోయామని తమ పాత్రల ముందే ఒప్పుకున్నారు. షేక్‌స్పియర్ నాటకాన్ని పేరడీ చేసిన 1986 నాటి ఎపిసోడే ఈ సీరియల్‌లో గొప్పదని చాలామంది అంటారు. దాని పనితనం నేనూ కాదనను, కానీ నాకు ఆఖరిదే ఇష్టం. 2023లో హులూ స్ట్రీమింగ్ వేదిక మీద సీరియల్ అంతా మళ్లీ వచ్చింది కనుక, చూడబోయేవాళ్లకు ఆఖరి ఎపిసోడ్‌ను ఆఖరికే ఉంచుకోమని నా మనవి. ముందు ఆ ఇద్దరి మీద ఇష్టం కలగాలి.

చివర తెర మీద ఒక ప్రకటన పడుతుంది. వాళ్ల బ్లూ మూన్ డిటెక్టివ్ ఏజెన్సీ 1989 మే 14న మూతపడిందనీ, అన్సెల్మో కేసు నేటికీ తేలలేదనీ. అన్సెల్మో కేసు పేరు అంతకుముందు ఎన్నోసార్లు విన్నాం, అదేమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఏజెన్సీ మూతపడిందన్న ఆ తేదీ, ఎపిసోడ్ ప్రసారమైన తేదీయే.