ఇచ్చిన చేతిని మరువని లెక్క

నెల్లూరు తీరంలో ముత్తుకూరు దగ్గరో ఇందుకూరుపేట దగ్గరో వనామీ రొయ్యలు పెంచే కంపెనీ ఒకటి ఉందనుకుందాం. ఏ గుంటలో సీడు ఎప్పుడు వదిలారు, రోజుకు మేత ఎంత, నీటిలో ఉప్పుశాతం, పీహెచ్ ఎంత అన్న లెక్కలన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పట్టికల్లో ఉన్నాయి. పట్టుబడి అయిపోయింది. గుంటలు చూసుకున్న టెక్నీషియన్ మరో చోటికి మారాడు. ఇక అతను ఆ పట్టికలు చూడకూడదు. దానికి ఉన్న ఆదేశం రివోక్. చిన్న మాటే కానీ, అది పనిచేసే తీరు విప్పి చూస్తే కట్టినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

హక్కు ఎక్కడ రాసి ఉంటుందో ముందు చూడాలి. పీజీ_క్లాస్ అనే కేటలాగులో ప్రతి పట్టికకూ ఒక వరుస ఉంటుంది, అందులో రెల్‌ఏసీఎల్ అనే గడి. ఆ గడిలోని ఒక్కో నమోదుకు మూడు ముక్కలు. సమానం గుర్తుకు ముందు హక్కు పొందినవారి పేరు. తర్వాత హక్కుల అక్షరాలు: ఆర్ అంటే చదవడం, ఏ అంటే కొత్త వరుస చేర్చడం, డబ్ల్యూ అంటే ఉన్నది మార్చడం, చిన్న డీ అంటే తొలగించడం. అక్షరం పక్కన నక్షత్రం గుర్తుంటే ఆ హక్కును ఇంకొకరికి ఇచ్చే అధికారమూ ఉన్నట్టు. చివర ఏటవాలు గీత, దాని తర్వాత ఇచ్చినవారి పేరు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ చివరి ముక్కే.

ఎందుకంటే తీసివేత అంతా దాని మీదే నడుస్తుంది. నీటి పరీక్షల పట్టిక చదివే హక్కును టెక్నీషియన్‌కు ఆ పట్టిక యజమాని ఒకసారి, మేనేజరు మరోసారి ఇచ్చి ఉంటే అవి రెండు నమోదులు. యజమాని తనది తీసేసినా మేనేజరు ఇచ్చింది నిలిచే ఉంటుంది. రెండు తూములున్న గుంటకు ఒకటి మూస్తే నీళ్లు ఆగవు కదా.

ఈ ఆలోచన 1976 నాటిది. ఐబీఎం శాన్ హోసే ప్రయోగశాలలో సిస్టమ్ ఆర్ అనే డేటాబేస్ కోసం పాట్రీషియా గ్రిఫిత్స్, బ్రాడ్‌ఫర్డ్ వేడ్ హక్కులను ఒక గ్రాఫ్‌గా గీశారు. మనుషులు బిందువులు, ఇచ్చిన ప్రతి హక్కూ ఒక బాణం, బాణం మీద ఇచ్చిన సమయం. ఒక బాణం తీసినప్పుడు దాని ఆధారంతోనే పుట్టిన బాణాలూ పోవాలి, వేరే ఆధారం ఉన్నవి మిగలాలి. 1978లో రోనాల్డ్ ఫేగిన్ ఇందులో ఒక సందు పట్టుకున్నాడు. ఇద్దరి మధ్య ఒక్కో రకానికి ఒకే బాణం ఉంచితే, న్యాయంగా మిగలాల్సిన హక్కు కూడా పోయే సందర్భం వస్తుందని చూపించి, ఎన్ని బాణాలైనా ఉండేలా సవరించాడు. సవరించిన పద్ధతి సరైనదని నిరూపించాడు కూడా.

పోస్ట్‌గ్రెస్ ఇక్కడ ఇంకాస్త జాగ్రత్త చూపుతుంది. టెక్నీషియన్ తన హక్కును ల్యాబ్ కుర్రాడికి పంచి ఉంటే మామూలు రివోక్ ఆగిపోయి, దీని మీద ఆధారపడినవి ఉన్నాయని చెబుతుంది. కాస్కేడ్ అని స్పష్టంగా రాస్తేనే గొలుసంతా తెంచుతుంది.

పట్టికలు వందల్లో ఉంటే చేత్తో రాయలేం, ప్రోగ్రామ్ కావాలి. ఏసీఎల్‌ఎక్స్‌ప్లోడ్ అనే ఫంక్షన్ గడిలోని నమోదులను విడివిడి వరుసలుగా పరుస్తుంది. ప్రోగ్రామ్ వాటిలో టెక్నీషియన్ పేరున్నవి ఏరి, ఒక్కోదానికీ ఆదేశం కూర్చుతుంది. పట్టిక పేరును నేరుగా అతికించదు. ఫార్మాట్ ఫంక్షన్‌లోని శాతం గుర్తు, పెద్ద ఐ ద్వారా కొటేషన్లు సరిగ్గా పడేలా చూసుకుంటుంది. అసలు మెలకువ తర్వాత ఉంది. సూపర్‌యూజర్ రివోక్ చేసినా అది పట్టిక యజమాని చేసినట్టే లెక్క. మేనేజరు ఇచ్చినది దానితో పోదు, పోలేదన్న హెచ్చరికా రాదు. అందుకే మంచి ప్రోగ్రామ్ ప్రతి నమోదులో ఇచ్చినవారి పేరు చదివి, సెట్ రోల్‌తో ఆ పాత్రలోకి మారి, అప్పుడు రివోక్ చేస్తుంది. ఇదంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో జరుగుతుంది కాబట్టి మధ్యలో ఎక్కడ తప్పినా మొత్తం వెనక్కి పోతుంది.

మార్పులను ఖాయం చేసే కమిట్‌కు ముందు హ్యాజ్_టేబుల్_ప్రివిలేజ్ ఫంక్షన్‌తో అడిగి చూడాలి. అది నేరుగా ఇచ్చినవే కాక, సభ్యత్వం ఉన్న రోల్ ద్వారా, అందరికీ చెందే పబ్లిక్ ద్వారా వచ్చే హక్కులనూ కలిపి జవాబిస్తుంది. ఇంకా అవును అంటే ఆ దారులు వెతకాలి. డీఫాల్ట్ ప్రివిలేజెస్‌లో అతని పేరుంటే రేపు పుట్టే పట్టికల మీదా హక్కు వచ్చేస్తుంది, దాన్నీ తీయాలి. అనుమతిని ప్రతి ప్రశ్న అమలయ్యేటప్పుడు చూస్తారు కనుక, అతని కనెక్షన్ తెరిచే ఉన్నా కమిట్ తర్వాత పట్టిక చదవడానికి పంపే సెలెక్ట్‌కు అనుమతి లేదనే జవాబు వస్తుంది.