మాటకు వేదికపై దక్కే చోటు: అగం, కాస్ట్‌లెస్ కలెక్టివ్ ప్రదర్శనల పరిశీలన

వ్యాససంగ్రహం: దక్షిణాది స్వతంత్ర సంగీత బృందాలలో బెంగళూరుకు చెందిన ‘అగం’ త్యాగరాజకృతిని రాక్ సంగీతంలోకి తెచ్చింది. చెన్నైకి చెందిన ‘ది కాస్ట్‌లెస్ కలెక్టివ్’ గానా పాటను అదే గిటార్, డ్రమ్స్‌తో జోడించింది. ఈ రెండు బృందాల ప్రదర్శనలలో మాటకు దక్కిన స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాటలోని మాట వినబడటం, వినబడకపోవడం సాహిత్యంలోని అర్థబలం మీద కంటే వేదికకూ శ్రోతకూ ఉన్న సంబంధం మీద ఆధారపడుతున్నదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: త్యాగరాజు, కృతి, గానా, ప్రదర్శన, శ్రోత, స్వతంత్ర సంగీతం, చెన్నై తెలుగు.

ఉపోద్ఘాతం

తెలుగులో పాట మీద జరిగిన పరిశోధనలో అధికభాగం అచ్చులో దొరికే సాహిత్యం చుట్టూ తిరిగింది. కృతి గానీ, జానపదగేయం గానీ, ఉద్యమగీతం గానీ పరిశోధకుని ముందుకు వచ్చేసరికి పల్లవిగా, చరణాలుగా విడదీసిన పాఠంగా మారిపోతుంది. అక్కడి నుంచి వస్తువు, శిల్పం, భాష అనే దారిలో పరిశీలన సాగుతుంది. ఆ దారి తప్పని చెప్పనక్కరలేదు. కాని వేదికపై పాట నడిచేటప్పుడు ఏ మాట ఎవరికి చేరింది, ఏది చేరకుండా పోయింది అన్న ప్రశ్నకు అందులో తావు లేదు. సంగీతం వినగానే తీయగా ఉంటుందనీ, సాహిత్యం ఆలోచించేకొద్దీ అమృతమవుతుందనీ చెప్పే పాత విభజన కూడా శ్రోతకు మాట అందిందనే నమ్మకం మీదనే నిలబడి ఉంది.

ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి పై రెండు బృందాలు తగినవి. ఇవి ఒకే రాత్రి ఒకే కచేరిలో పాల్గొన్న బృందాలని కాదు. పక్కపక్కన నిలిపి వింటే ఒకదాని స్వభావాన్ని మరొకటి బయటపెడుతుంది. అగం 2003లో ఏర్పడింది. గాయకుడు హరీశ్ శివరామకృష్ణన్ వయొలిన్ కూడా వాయిస్తారు. కాస్ట్‌లెస్ కలెక్టివ్ తొలి కచేరి 2018 జనవరి 6న చెన్నైలోని కీల్పాక్‌లో జరిగింది. దర్శకుడు పా. రంజిత్ స్థాపించిన నీలం సాంస్కృతిక కేంద్రం దానికి వెన్నుదన్ను. సంగీతదర్శకుడు తెన్మా బృందాన్ని కూర్చారు. ఆనాడు వేదిక మీద 19 మంది ఉన్నారు, వారిలో స్త్రీ ఇసైవాణి ఒక్కరే.

కృతి వినబడుతున్నది, మాట వినబడుతున్నదా?

అగం 2017లో వెలువరించిన ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’ సంపుటిలో ‘మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్’ అనే రచన ఉంది. అది త్యాగరాజు నళినకాంతి రాగంలో కూర్చిన ‘మనవ్యాలకించరాదటే’ కృతికి రాక్ రూపం. ఆ ఆంగ్లనామానికీ కృతిలోని విషయానికీ పైకి కనిపించే సంబంధమేదీ లేదు.

కృతి తొలిమాటలోనే తెలుగు అధ్యాపకుడు ఆగవలసిన చోటు ఉంది. మనవి, ఆలకించ అనే రెండు మాటలు కలిసినప్పుడు తెలుగు సంధి ప్రకారం ఆశించే రూపం ‘మనవాలకించ’ లేదా ‘మనవియాలకించ’. త్యాగరాజు వాడినది సంస్కృత పదాలకు చెందిన యణాదేశం. వ్యాకరణదృష్టికి అది అపవాదం, లయదృష్టికి అది అవసరం. ఒక అక్షరం తగ్గి ఎత్తుగడ బిగిసింది. అయితే ఈ బిగువుకు ఒక మూల్యం ఉంది. తెలుగు తెలియని చెవికి పదవిభాగం ఎక్కడో తెలియదు. ‘మన’ దగ్గర విరిస్తే తరువాత మిగిలేది ‘వ్యాల’. వ్యాలమంటే పాము. విన్నపం కాస్తా పాము కావడం పండితులకు హాస్యంగా తోచవచ్చు గాని, తెలుగుగడ్డకు వెలుపల కృతిని వినే అసంఖ్యాక శ్రోతలకు రెండింటికీ తేడా లేదన్నదే అసలు సంగతి.

కృతిలో చెప్పిన విషయం తేలికైనది కాదు. త్యాగరాజు తన మనసును పిలిచి మర్మం చెబుతానంటున్నాడు. కర్మకాండ పట్ల ఆకర్షితులై సంసారమనే అడవిలో తిరుగుతూ బాధపడేవారిని చూసి, రాముడు మనిషిగా అవతరించి నడవడిక ఎలా ఉండాలో నడిచి చూపాడన్నది ఆ మర్మం. క్రతువు కంటే నడత గొప్పదని చెప్పే ఈ మాటలో విమర్శ ఉంది. కావేరీతీరపు వైదిక సమాజం మధ్య నిలిచి ఒక భక్తుడు అన్న మాట ఇది.

సంప్రదాయ కచేరిలో ఈ మాటను నిలబెట్టే సాధనం నెరవల్. గాయకుడు ఒక పాదాన్ని ఎంచుకుని, మాటల స్థానం చెడకుండా, రాగాన్ని మార్చి మార్చి అల్లుతాడు. అదే పాదం పదిసార్లు వినబడేసరికి భాష సగం తెలిసినవాడు సైతం ఆ మాట దగ్గర ఆగుతాడు. రాక్ రూపంలో ఆ స్థలాన్ని సాధారణంగా వాద్యవిన్యాసం ఆక్రమిస్తుంది. పల్లవి ఎత్తుగడ గిటార్‌పై ఆవృత్తమయ్యే స్వరఖండంగా మారుతుంది, స్వరాలు వేగాన్ని అందిస్తాయి, డ్రమ్స్ ఆ వేగాన్ని పెంచుతాయి. రాగం చెడదు. నిజానికి నళినకాంతి చురుకుదనానికి ఈ వాద్యసమ్మేళనం చక్కగా కుదిరింది, శివరామకృష్ణన్ గాత్రంలోని శిక్షణా సందేహించదగినది కాదు. సంప్రదాయం చెడిపోయిందన్న ఫిర్యాదుకు ఇక్కడ ఆధారం తక్కువ. జరిగినది వేరు. సాహిత్యం నాదానికి ఆధారంగా మిగిలి, వాక్యంగా ఉండటం మానుకున్నది. కర్మకాండ మీది విమర్శ వేలమంది ఎదుట గొంతెత్తి పాడినా ఎవరినీ తాకదు.

ఈ స్థితికి రాక్ బృందాన్ని మాత్రమే బాధ్యులను చేయడం న్యాయం కాదు. చెన్నై సభల్లో తెలుగు ఇటువంటి గౌరవాన్నే చాలాకాలంగా అనుభవిస్తున్నది. 1941లో చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయం నుంచి మొదలై, 1943లో తమిళ్ ఇసై సంగం స్థాపనకు దారితీసిన ఉద్యమం ప్రశ్నించింది దీనినే. అర్థం తెలియని భాషలో కచేరి ఎందుకు సాగాలి, తమిళ పాటలు చివర పాడే తుక్కడాలుగా ఎందుకు మిగలాలి అని వారు అడిగారు. తెలుగువారు ఆ ప్రశ్నను భాషాద్వేషంగా చూడటం అలవాటయింది. అందులో తెలుగుకు మేలు చేయగల అంశం ఒకటుంది. అర్థం అడగని ఆరాధన భాషను బ్రతికించదు, దానిని మంత్రంగా మారుస్తుంది.

వేదిక మీది బూడిదరంగు సూటు

కాస్ట్‌లెస్ కలెక్టివ్ తొలి కచేరి జరిగిన తేదీ మార్గళి నెలలోకి వస్తుంది. సభలలో కృతులు సాగుతున్న ఆ రోజుల్లోనే అదే నగరంలో గానా వేదిక ఎక్కింది. గానా ఉత్తర చెన్నై శ్రమజీవుల పాట. అందులో దళితుల భాగం ప్రధానమైనది. చావు ఇంటి ముందు పాడే మరణగానా దీని ముఖ్యశాఖ. సినిమాకు గానా కొత్త కాదు. 1990లలోనే సంగీతదర్శకుడు దేవా దానికి తమిళ సినిమాలో విస్తారమైన ప్రచారం తెచ్చారు. సినిమాలో అది ఎక్కువగా హాస్యానికి, హుషారుకు పనికివచ్చింది. 2018లో మారినది బాణీ కంటే కూడా పాడేవారి నిలుపు.

ఆ నిలుపుకు తొలి గుర్తు దుస్తులు. గాయకులు, వాద్యకారులు ఒకే తీరు బూడిదరంగు సూట్లు ధరించారు. ఆ వేషం అంబేద్కర్‌ను స్ఫురింపజేస్తుంది. తెలుగు పరిశోధకులకు ఇక్కడ జననాట్యమండలి వేదిక జ్ఞాపకం రావడం సహజం. గద్దర్ గోచీ, గొంగడితో వేదికనెక్కి పాడేవారినీ, వినేవారినీ ఒకే శ్రామికరూపంలోకి తెచ్చారు. ఇక్కడ అదే సామాజికమూలం నుంచి వచ్చినవారు సూటు తొడుక్కుని, ‘జానపద కళాకారుడు’ అనే పాత్రను నిరాకరించారు. రెండూ రాజకీయ నిర్ణయాలే. డప్పుకు దగ్గరి చుట్టమైన పరై ఆ సూటు పక్కన మోగినప్పుడు, చావుతో ముడిపెట్టి ఆ వాద్యాన్ని దూరం పెట్టినవారి ఊహ చెదురుతుంది. బృందనామానికి మూలం కూడా అంతే ఆలోచనతో ఎంచినది. దళిత మేధావి అయోతీదాస పండితర్ (1845–1914) ప్రచారం చేసిన ‘కులంలేని తమిళులు’ అనే భావన నుంచి అది వచ్చింది.

ఈ పాటలలో మాట దాగదు. రిజర్వేషన్ల గురించి, గొడ్డుమాంసం గురించి, ఉత్తర చెన్నై బతుకు గురించి పాడేటప్పుడు గాయకుడు ఒక పాదం అంటాడు, బృందం అందుకుంటుంది, గుంపు పూర్తిచేస్తుంది. బుర్రకథలో వంతలు చేసే పనిని ఇక్కడ శ్రోతలు చేస్తున్నారనవచ్చు. గిటార్ ఉన్నా అది మాటను మింగదు, రెండు పాదాల నడుమ విరామాన్ని నింపి తప్పుకుంటుంది. అన్ని పాటలూ సమానమైనవని కాదు. కొన్నిచోట్ల నినాదం పాట స్థానాన్ని తీసుకుంటుంది, గానాకు సహజమైన వెక్కిరింత అక్కడ పలచబడుతుంది. ఎత్తిపొడుపు ఉన్న పాటలే రెండోసారి వినడానికి నిలుస్తాయి.

మాట చేరిందనడానికి కఠినమైన రుజువు ఇసైవాణి పాట. శబరిమలలో స్త్రీల ప్రవేశంపై 2018లో ఆమె అయ్యప్పను సంబోధిస్తూ పాడారు. ఆరేళ్ల తరువాత, 2024లో, ఆ పాట మీద ఫిర్యాదులు వచ్చాయి. క్రతునియమాన్ని ప్రశ్నించిన ఒక పాట ఇంతకాలం తరువాత కూడా కొందరిని బాధించింది. కర్మకాండను విమర్శించిన త్యాగరాజకృతి మాత్రం ఎక్కడా ఎవరికీ అభ్యంతరకరం కాలేదు. రెండింటి మధ్య భేదాన్ని సాహిత్యబలంతో లెక్కకట్టలేము. ఒకటి ఆరాధ్యుడైన వాగ్గేయకారుని నోట వచ్చింది, పైగా చాలామందికి తెలియని భాషలో నిలిచిపోయింది. మరొకటి బతికున్న ఒక దళిత స్త్రీ నోట, వినేవారి ఇంటిభాషలో వచ్చింది.

చెన్నైలోని మరో తెలుగు

ఈ పోలికలో తెలుగుకు సంబంధించిన చిక్కు ఒకటి మిగిలి ఉంది. పై చర్చ తెలుగు సభవైపు, తమిళం వీధివైపు ఉన్నట్టు కనిపింపజేస్తుంది. చెన్నై వాస్తవం అది కాదు. ఆ నగరపు పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు ఇంటిభాషగా ఉన్న దళిత కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వారి తెలుగు మ్యూజిక్ అకాడమీలో పాడే తెలుగు కాదు, ఆంధ్ర, తెలంగాణ పాఠ్యపుస్తకాల తెలుగూ కాదు. చెన్నైలో తెలుగు వైభవం గురించి రాసేటప్పుడు పరిశోధకులు సభలను, ముద్రణాలయాలను, సినిమా స్టూడియోలను స్మరిస్తారు. ఆ జాబితాలోకి ఈ వాడలు రావు. గానా పుట్టిన పేటలకు సమీపంలో వినిపించే ఆ భాషను క్షేత్రపరిశోధనతో నమోదు చేయవలసినది తెలుగు శాఖలే.

తెలుగునేల మీద స్వతంత్ర బృందాల పరిస్థితి మరొక విధంగా ఉంది. హైదరాబాద్ ‘చౌరస్తా’ బృందంతో గుర్తింపు పొందిన రామ్ మిరియాల ‘డీజే టిల్లు’ (2022) శీర్షికగీతానికి బాణీ కట్టి, తానే పాడారు. ఆయన ప్రతిభకు అది తగిన గుర్తింపే. అయితే తెలుగులో బృందం నుంచి దారి సినిమావైపే నడుస్తుంది, తిరుగుదారి అరుదు. చెన్నైలో రంజిత్ వంటి సినిమా దర్శకుడు సినిమాలో సంపాదించిన పలుకుబడిని వేదికవైపు మళ్లించారు. 2020 డిసెంబరులో నీలం సంస్థ ‘మార్గళియిల్ మక్కళిసై’ పేరుతో ప్రజాసంగీత కచేరులు మొదలుపెట్టి, సభల నెలలోనే పరైకీ, గానాకూ చోటు కల్పించింది. తెలంగాణ ఉద్యమకాలంలో ధూంధాం వేదికలు ఊరూరా అంతకంటే పెద్ద గుంపులను పాడించాయి. ఉద్యమం ముగిశాక ఆ వేదికలు ప్రభుత్వ కార్యక్రమాలలోకి, ఎన్నికల సభలలోకి సర్దుకున్నాయి. వాటిలో పాడిన పాటలు సంకలనాలుగా అచ్చయ్యాయి. గుంపు ఏ పాదాన్ని అందుకున్నదో, ఏ పాదం దగ్గర మౌనంగా ఉన్నదో ఆ సంకలనాలు చెప్పవు.