రాక్షసుడి పేజీ ఎవరు రాస్తారు?

మన హాస్టళ్లలో పిల్లలు ఫోన్లో ఆడే ఆటల్లో 'లెవెల్', 'హెచ్‌పీ', 'ఎక్స్‌పీ' అనే మాటలు రోజూ వింటూనే ఉంటాం. ఆ మాటలు ఫోన్‌తో పుట్టినవి కావు. చాలావరకు ఒక బల్ల ఆట నుంచి వచ్చాయి. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని మూడు చిన్న పుస్తకాలుగా తెచ్చారు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు యోధుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. 'నేను తలుపు తోస్తాను' అని ఒకరంటే, అది తెరుచుకుందో లేదో పాచిక చెబుతుంది. నెగడు చుట్టూ కూర్చుని పొద్దుపోయేదాకా కథలు చెప్పుకునే మనకు ఈ పద్ధతి అంత కొత్తగా అనిపించదు. ఇక్కడ వినేవాళ్లు కూడా కథను మలుపు తిప్పగలరు, అదొక్కటే తేడా.

ఈ ఆటలో 'హోమ్‌బ్రూ' అనే అలవాటు ఒకటుంది. ఇంట్లో కాచుకునే బీరుకు ఇంగ్లీషులో ఉన్న మాట అది. ఇప్పపువ్వు సారా ఒక్కో ఇంట్లో ఒక్కో రుచి అయినట్టే, ఈ ఆట కూడా ఒక్కో బల్ల దగ్గర ఒక్కో తీరుగా ఉంటుంది. పుస్తకంలోని నియమం నచ్చకపోతే మార్చుకోవచ్చు. కొత్త భూతాన్ని పుట్టించవచ్చు. మహిమగల కత్తిని, ఉంగరాన్ని, దుప్పటిని తయారుచేసి వాటికి శక్తులు రాసుకోవచ్చు. 2023 జనవరిలో ఆ కంపెనీ మూల నియమాల్లో పెద్ద భాగాన్ని ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలేసింది. అంటే పాడేరులోనో ఉట్నూరులోనో ఇంటర్ చదివే అమ్మాయి తన భూతాన్ని తాను రాసి అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అందుకే ఈ ఆటను మనం విమర్శకుల కళ్లతో చూడాలి. వాళ్లు రాసిన భూతాల పేజీల్లో మనలాంటివాళ్లు ముందే ఉన్నారు.

భూతం పేజీ ఎలా ఉంటుందో చూద్దాం. 2014 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఓర్క్ అనే జీవి ఉంది. టోల్కీన్ నవలల నుంచి ఈ ఆటలోకి వచ్చిన తెగ అది. కవచం 13. ప్రాణం 15. బలం 16. తెలివి 7. అదే పుస్తకంలో మామూలు మనిషికి తెలివి 10. స్వభావం అన్నచోట 'అరాచకం, చెడు' అని ఉంటుంది. చంపితే వచ్చే పాయింట్లు 100. 2016లో ఆటగాళ్లు తామే ఓర్క్‌గా ఆడేందుకు నియమాలు ఇచ్చినప్పుడు కూడా తెలివిలో 2 తగ్గించమని రాశారు. ఓర్క్ పిల్ల పుట్టగానే ఆ రెండు పాయింట్లు పోతాయి. ఏ బడికి వెళ్లినా, ఎవరి దగ్గర పెరిగినా సరే.

దీన్ని ఊహాలోకపు లెక్క అని వదిలేయడం మనకు కుదరదు. ఇలాంటి పేజీ ఒకటి మన మీద నిజంగానే రాశారు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకల వంటి తెగలను పుట్టుకతోనే నేరస్థులని రిజిస్టర్లలో ఎక్కించారు. పోలీసు ముందు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. స్టూవర్టుపురం అలాంటి సెటిల్‌మెంటుగానే పుట్టింది. 1952లో చట్టం పోయింది, కానీ ఆ పేరు చుట్టూ అల్లిన కథలు సినిమాల్లో ఇంకా ఆడుతూనే ఉన్నాయి. ఒక మనిషి ఏం చేశాడన్నది చూడకుండా, ఏ కడుపున పుట్టాడో చూసి స్వభావం రాయడం ఆ రిజిస్టరు పని. ఓర్క్ పేజీ పని కూడా అదే. ఆట కనిపెట్టినవాళ్లకు ఎరుకల గురించి తెలిసి ఉండకపోవచ్చు. అయినా రెండు పేజీల గీతలూ ఒకే తీరుగా ఉన్నాయి.

ఇక రాక్షసుడి సంగతి. ఈ పేరుతోనే ఆటలో ఒక భూతం ఉంది. 1977 మాన్‌స్టర్ మాన్యువల్‌లో డేవిడ్ ట్రాంపియర్ గీసిన బొమ్మలో అతనికి పులి తల, ఒంటి మీద కోటు, చేతిలో పొగగొట్టం. తర్వాతి పుస్తకాల్లో అరచేతులు వెనక్కి తిరిగి ఉంటాయి. 2014 పుస్తకంలో కవచం 16, ప్రాణం 110, చంపితే 10,000 పాయింట్లు. మంచివాళ్లు పట్టిన మహిమగల మొనదేలిన ఆయుధం తగిలితే అతనికి రెట్టింపు దెబ్బ. ఈ లక్షణాలు ఏ పురాణంలో ఉన్నాయని వెతికితే దొరకవు. 1974లో అమెరికా టీవీలో 'కోల్చాక్: ది నైట్ స్టాకర్' అనే సీరియల్‌లో ఒక భాగం వచ్చింది. అందులో రాక్షసుడు మనం నమ్మిన మనిషి రూపంలో వస్తాడు, మంత్రించిన బాణంతో చస్తాడు. ఆ మరుసటి ఏడాదే అలాంటి రాక్షసుడు ఆటలోకి వచ్చాడు. టీవీ భాగం పుస్తకంలో పేజీ అయింది. ఆ పేజీ ప్రపంచంలో లక్షల మందికి 'భారతీయ భూతం' అయింది.

ఇక్కడ మనం అమెరికావాళ్లను తిట్టి ఊరుకుంటే సగం విమర్శే చేసినట్టు. పులి తల వాళ్లు తగిలించారు. 'రాక్షసుడు', 'అసురుడు' అనే ముద్ర మాత్రం ఇక్కడే తయారైంది. జార్ఖండ్‌లో అసుర్ అనే ఆదివాసీ తెగ ఉంది. ఒకప్పుడు రాయి కరిగించి ఇనుము తీసినవాళ్లు. మహిషాసురుడిని తమ పూర్వీకుడిగా చెప్పుకుంటారు. దేశమంతా దసరా పండగ చేసుకుంటుంటే వాళ్లు సంతాపం పాటిస్తారు. మహారాష్ట్ర గడ్చిరోలి వైపు రావణుడిని కొలిచే గోండు పల్లె ఉంది. ఒకరి పుస్తకంలో చంపి పాయింట్లు కొట్టాల్సిన జీవి, ఇంకొకరి ఇంట్లో తాత. ఆ పేజీని ఆ తాత మనవడు రాసి ఉంటే 'స్వభావం' అన్న గీత దగ్గర ఏం రాసేవాడు?

ఆట చేసే కంపెనీకి ఈ మాటలు ఆలస్యంగానైనా చేరాయి. 2020లో ఓర్క్‌ల వంటి తెగలను చూపిన తీరు నిజ జీవితంలో జాతుల మీద వేసిన ముద్రల్ని గుర్తుచేస్తోందని ఒప్పుకుంది. అయినా 2022లో హడోజీ అనే కోతి రూపపు తెగకు ఒక మాంత్రికుడు తెలివి ఇచ్చి బానిసలుగా అమ్మబోయిన కథ రాసి, విమర్శలు వచ్చాక క్షమాపణ చెప్పి ఆ భాగం తీసేసింది. 2024 పుస్తకంలో 'జాతి' అన్న మాట బదులు 'జీవజాతి' అని పెట్టారు, ఓర్క్‌ను ఎవరైనా ఎంచుకోగలిగే పాత్రగా మార్చారు. ఇది మంచి మార్పే. కానీ హోమ్‌బ్రూలో పాత పేజీలు అలాగే బతుకుతాయి. కంపెనీ చెరిపేసిన గీతను పదిమంది అభిమానులు మళ్లీ గీయగలరు.

ఆట కదా, భయపెట్టే జీవులు లేకపోతే ఎలా అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. భూతాలు ఉండాల్సిందే. మన కథల్లోనూ చీకటి పడ్డాక పేరు ఎత్తకూడనివి ఉన్నాయి. అయితే భూతం చేయడానికి ఎవరి తెగనూ, ఎవరి దేవుడినీ తెచ్చుకోనక్కర్లేదు. ఈ ఆటలో అందరికీ ఇష్టమైన గుడ్లగూబ ఎలుగు, ఇనుము తినే తుప్పు భూతం ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసా? గైగాక్స్ బృందం చవక దుకాణంలో కొన్న హాంకాంగ్ ప్లాస్టిక్ బొమ్మల నుంచి. ఆ బొమ్మలు ఏమిటో ఎవరికీ తెలియదు, అందుకని పేర్లు పెట్టి శక్తులు కల్పించారు. యాభై ఏళ్లయినా వాటిని ఆడుతున్నారు. వాటి వల్ల ఎవరి తాతా రాక్షసుడు కాలేదు.

ద్వేషించి రాసే పేజీలు ఒక రకం. మెచ్చుకుంటూ ఎత్తుకుపోయే పేజీలు ఇంకో రకం. ఉత్తర అమెరికాలో అల్గోంకియన్ భాషల ఆదివాసులకు వెండిగో కథలున్నాయి. ఆకలి చలికాలంలో పంచుకోకుండా, చివరికి మనిషిని తినేదాకా పోయిన దురాశకు రూపం అది. ఆ కథ ఒక హెచ్చరిక. దుప్పి కొమ్ములు, ఎముకల తల ఈమధ్య సినిమాలూ బొమ్మలూ తగిలించినవి. హోమ్‌బ్రూ పేజీల్లో ఇప్పుడు కొమ్ములు మిగిలాయి, హెచ్చరిక పోయింది. 1980లో వచ్చిన 'డీటీస్ అండ్ డెమీగాడ్స్' అయితే దేవుళ్లకే ప్రాణం లెక్కలు వేసింది. అమెరికా ఆదివాసుల ఎన్నో తెగల దేవతలందరినీ ఒకే అధ్యాయంలో కుక్కింది. ఒక దేవతకు ప్రాణం ఇన్ని పాయింట్లు అని రాశామంటే, ఆమెను చంపే దారి కూడా చూపించినట్టే.

మహిమగల వస్తువుల విషయంలో మన పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మేడారంలో సమ్మక్కకు విగ్రహం లేదు. కోయ వడ్డెలు చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణెగా తల్లిని తెస్తారు. దాన్ని 'కుంకుమ భరిణె, రోజుకు మూడుసార్లు గాయం మాన్పును' అని రాస్తే ఆటకు అందంగానే ఉంటుంది. కానీ ఆటలో వస్తువు అంటే దొరికేది, దోచేది, అమ్మేది, చేతులు మారేది. కోయల పడిగె మీద ఒక్కో గోత్రం పుట్టుక, వరస, పోరాటం గీసి ఉంటాయి. దాన్ని విప్పి చెప్పే హక్కు అందరికీ లేదు. కేస్లాపూర్ నాగోబాకు గోదావరి నీళ్లు మెస్రం వంశంవాళ్లే నడిచి తెస్తారు. ఈ వస్తువుల బలం ఎవరు పట్టుకోవాలన్న కట్టుబాటులో ఉంది. ఆ కట్టుబాటు తీసేసి శక్తిని మాత్రం పేజీకెక్కిస్తే, మన చేత్తో మనమే వెండిగోకు కొమ్ములు తగిలించినట్టు.

మరి మనవాళ్లు రాస్తే ఎలా ఉంటుంది? రెండు నమూనాలు ఉన్నాయి. చెరోకీ నేషన్‌కు చెందిన కానర్ అలెగ్జాండర్ తోటి ఆదివాసీ రచయితలతో కలిసి 'కయోటీ అండ్ క్రో' అనే ఆట చేశాడు. 2021లో జనం చందాలుగా పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. తెల్లవాళ్లు ఎన్నడూ అమెరికాను ఆక్రమించని లోకం అది. ఆదివాసీ ఆటగాళ్లు తమ తెగ సంగతులు కలుపుకోవచ్చనీ, బయటివాళ్లు పుస్తకంలో ఉన్నంతవరకే ఆడాలనీ అందులో విడిగా చెప్పారు. హోమ్‌బ్రూకు హద్దు గీసిన ఆట అది, అదే దాని గొప్ప. లోటు కూడా ఉంది. దొర రాని లోకంలో దొరను ఎదిరించిన కథకు చోటు ఉండదు. మన చరిత్రలో ఆ కథే పెద్దది. రెండోది, 2022లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ సంకలనంలో కోల్‌కతాలో పుట్టిన దళిత రచయిత్రి మిమీ మండల్ రాసిన కథ. బెంగాల్, అస్సాం నదుల ఒడ్డు మనుషుల నుంచి తీసుకుని ఒక కల్పిత దేశాన్ని కట్టింది. నిజమైన గుడినీ, నిజమైన విగ్రహాన్నీ ఎత్తుకురాలేదు. ఏటి ఒడ్డు బతుకును తెచ్చింది. మనం నేర్చుకోవాల్సిన మెళకువ ఇదే.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ పని చేయించవచ్చు. పాచికలు, తెల్లకాగితాలు చాలు. భూతం పేజీ రాసేముందు పిల్లల్ని మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరికైనా దేవతా, తాతా? ఈ జీవి పుట్టుకతో చెడ్డదా, లేక ఏదో చేసి చెడ్డదైందా? దీన్ని ఓడించడానికి చంపడం కాక ఇంకో దారి ఉందా?

ఒక నమూనా ఇస్తాను. వేలిముద్ర పుస్తకం అనే వస్తువు. ఆటలో ప్రతి కుటుంబానికి భూమి 10 పాయింట్లు. పుస్తకంలో ఎవరు వేలిముద్ర వేసినా వాళ్ల భూమి 1 తగ్గుతుంది, దాన్ని పట్టుకున్న షావుకారు కవచం 1 పెరుగుతుంది. కత్తి దాన్ని కోయలేదు. కాల్చినా లాభం లేదు, ఇంకో ప్రతి ఆఫీసులో ఉంటుంది. ఊరందరి ముందు ఎవరైనా ఒక పేజీ పైకి చదివితే మాత్రం ఆ పేజీలోని భూమి తిరిగి వస్తుంది. చదవడానికి పాచిక వేయక్కర్లేదు. ఒక్క షరతు, విన్నవాళ్లలో ఒకరు ఆ లెక్కను చూడకుండా తిరిగి చెప్పాలి. 1/70 చట్టం గురించి గంటసేపు పాఠం చెప్పినా ఎక్కనిది ఈ ఆటలో ఎక్కుతుంది. షావుకారు పుట్టుకతో రాక్షసుడు కాదని కూడా పిల్లలకు అర్థమవుతుంది. అతని కవచం మన వేలిముద్రలతోనే పెరిగింది.

ఇలాంటివి పది రాయండి. మీ ఊరి పెద్దలకు చదివి వినిపించండి. ఏది ఆటలో పెట్టొచ్చో, ఏది గుడిలోనే ఉండాలో వాళ్లు చెబుతారు. వద్దన్నది వదిలేయండి, మిగిలింది అచ్చు వేయండి. మన మీద పేజీలు రాసినవాళ్లు ఎవరూ మనల్ని అడగలేదు. మనం రాసేటప్పుడు అడిగి రాద్దాం.