అన్నది అన్నట్టు

భాషాశాస్త్రం కొత్తగా చదవడానికి వచ్చినవాళ్ళకి మొదటి వారం నేను పుస్తకం ఇవ్వను. ఇంట్లో పెద్దవాళ్ళ మాట ఓ అయిదు నిమిషాలు ఫోన్లో రికార్డు చేసి, అన్నది అన్నట్టు కాగితం మీద పెట్టుకు రమ్మంటాను. షరతు ఒక్కటే, దిద్దకూడదు. శ్రీకాకుళం అమ్మమ్మ 'ఎల్లిపోనాడు' అంటే 'వెళ్ళిపోయాడు' అని రాయకూడదు. వినడానికి చిన్న పనే కానీ చేతికి మహా కష్టం. చిన్నప్పట్నుంచి ఎర్రసిరా దిద్దుబాట్లకు అలవాటుపడిన చెయ్యి, చెవి విన్నది వదిలేసి బడి నేర్పింది రాసేస్తుంది.

రికార్డు చేయడంలోనూ చిక్కుంది. ఫోన్ ముందు పెట్టగానే తాతయ్య గొంతు సవరించుకుని రేడియో వార్తలు చదివినట్టు మాట్లాడతారు. 1960లలో న్యూయార్క్ జనం మాటతీరు మీద పనిచేసిన విలియం లబోవ్‌కి ఎదురైన చిక్కు కూడా ఇదే. ఆయన ఒక ప్రశ్న వేసేవాడు: ఎప్పుడైనా మీ ప్రాణం మీదికి వచ్చిందా? ఆ సంగతి చెప్పేటప్పుడు మనిషి అందులో మునిగిపోతాడు, తను ఎలా మాట్లాడుతున్నదీ పట్టించుకోడు. కృష్ణా జిల్లా పిల్లల్ని నేను 1977 దివిసీమ ఉప్పెన గురించి అడగమంటాను. ఆ ఉప్పెనని చూసినవాళ్ళు ఫోన్ సంగతే మరిచిపోతారు.

ఇక కాగితాలు వస్తాయి. తెలుగు వాక్యంలో వరస కర్త, కర్మ, క్రియ అని అందరికీ కంఠతా వచ్చు. కాగితాల్లో మాత్రం 'వచ్చేశాడా మీ తమ్ముడు?', 'తిన్నాను నేను' లాంటివి కోకొల్లలు. కి, ని, తో వంటి ప్రత్యయాలు ఎవరు ఎవరికి ఏం చేశారో చెప్పేస్తాయి కాబట్టి మాటలు అటూ ఇటూ జరగగలవు. కానీ అన్నీ జరగవు. 'నల్ల కుక్క మొరిగింది' అనే అర్థంలో 'కుక్క నల్ల మొరిగింది' అని ఎంత తొందరలో ఉన్నవాళ్ళూ అనరు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం వేరే ఉంది. 'పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, టీ తాగి, పొలం వెళ్ళాడు.' నాలుగు పనులు, వాక్యాన్ని ముగించే క్రియ ఒక్కటే. లేచిందెవరు, తాగిందెవరు అని వేరే చెప్పక్కర్లేదు, వెళ్ళినవాడే. 'నేను లేచి ఆయన టీ తాగాడు' అంటే తెలుగువాళ్ళెవరికైనా చెవిలో ముల్లు గుచ్చుకుంటుంది. అన్ని పనులకూ కర్త ఒక్కరే ఉండాలని పిల్లలు తామే సూత్రం రాసుకుంటారు. అంతలో ఎవరో ఒకరు కాగితంలోంచి 'వాన పడి చెరువు నిండింది' అని చదువుతారు. పడింది వాన, నిండింది చెరువు. సూత్రం తప్పిందా? కాసేపు వాదులాట జరుగుతుంది. 'పిడుగు పడి గేదె చచ్చిపోయింది', 'ఎండ తగిలి పైరు వాడిపోయింది' అంటూ ఉదాహరణలు పోగవుతాయి. చివరికి తేలుతుంది: ఇలా మొదటి సంగతి వల్లే రెండోది దానంతటదే జరిగితే కర్తలు వేరైనా తెలుగు ఒప్పుకుంటుంది. ఈ నియమాన్ని మనకెవరూ నేర్పలేదు. బడి ముఖం చూడని ముసలమ్మ కూడా దీన్ని తప్పదు. వ్యాకరణం నోట్లో ఉంటుందని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకలేదు.

అందుకే ఫలానా ఊరి మాటకి వ్యాకరణం లేదని ఎవరైనా అంటే నాకు బాధ కలుగుతుంది. వచ్చాడు, వచ్చినాడు, వచ్చిండు. వీటిలో మొదటిదే శుద్ధమని చాలామంది నమ్మకం. నిజానికి 'వచ్చినాడు'లో నడిమి అక్షరం అరిగిపోగా మిగిలిందే 'వచ్చాడు'. రాయలసీమ నిలుపుకున్నదాన్ని కోస్తా కుదించుకుంది. తెలంగాణలో 'నేను నిన్న వచ్చిన' అంటారు. 'నిన్న వచ్చిన మనిషి' అన్నప్పుడు కూడా అదే రూపం. అయినా వినేవాళ్ళు తికమకపడరు. వాక్యం చివర ఉంటే క్రియ, వెనక నామం ఉంటే విశేషణం. కోస్తాలో ప్రత్యయం చేసే పనిని తెలంగాణలో మాట ఉన్న చోటు చేస్తోంది. దీన్ని లోపమనడానికి వీల్లేదు. ఎక్కడికక్కడ నియమం ఉంది, విని పట్టుకోవాలి.

సంస్కృతి దగ్గరకొచ్చేసరికి తొందర పనికిరాదు. 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది' రెండూ పక్కపక్కన చూసి, ఆడవాళ్ళని వస్తువుల్లో కలిపేశారని విద్యార్థినులు కోప్పడతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ బహువచనంలో 'అమ్మాయిలు వచ్చారు', 'బస్సులు వచ్చాయి'. తమిళంలో ఏకవచనంలోనూ స్త్రీకి వేరే ప్రత్యయం ఉంది. అంతమాత్రాన అక్కడ స్త్రీకి గౌరవం ఎక్కువని చెప్పలేం. సమాజం ప్రత్యయాల్లో కన్నా పిలుపుల్లో బయటపడుతుంది. ఎవరు ఎవర్ని 'ఒరే' అనగలరు, ఎవరు తిరిగి అనలేరు? కాగితాల్లో ఇవి గుర్తించమంటాను. కులం, వయసు, ఆస్తి అన్నీ అక్కడ పట్టుబడతాయి.

ఇలా విని రాసుకోవడం కొత్త పనేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. అది తెలుగుకి చుట్టం కూడా కాదు, ముండా కుటుంబానిది. ఆధారంగా పట్టుకోవడానికి గ్రంథాలు లేవు, సవరల నోటి నుంచి విని రాసుకోవాల్సిందే. 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటానికి బలం ఆ వినికిడిలోంచే వచ్చిందని నా నమ్మకం. తర్వాత భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో రైతుల మాటలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది, ఆపైన నేతగాళ్ళ మాటలతో మరొకటి. ఊరూరా తిరిగి అడిగి రాసుకున్న మాటలవి. పదాలకి జరిగినంత పని వాక్యాలకీ జరగాలి.

అది విశ్వవిద్యాలయాల వల్ల మాత్రమే అయ్యే పని కాదు. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ళ అనుమతి తీసుకుని అయిదు నిమిషాలు రికార్డు చేయండి. దిద్దకుండా రాయండి. కాగితం పైన ఊరు, మాట్లాడినవారి వయసు, తేదీ వేయడం మరవకండి. అవి లేకపోతే రేపు చదివేవాళ్ళకి ఆ కాగితం సగమే ఉపయోగపడుతుంది.