'హవెవర్' – తెలుగు పరిశోధన వాక్యం: కోనసీమ పంట విరామం ఆధారంగా పరిశీలన

సారాంశం:
ఆంగ్లంలో భేదాన్ని సూచించే 'హవెవర్' అనే క్రియావిశేషణానికి తెలుగు పరిశోధన రచనల్లో 'అయితే' అన్న మాటను తరచుగా వాడుతున్నారు. అన్ని సందర్భాలకూ ఈ ఒక్క మాటతో సరిపెట్టడం వల్ల వాదం ఎలా బలహీనపడుతుందో, 2011 నాటి కోనసీమ పంట విరామాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: హవెవర్, అప్యర్థకం, చేదర్థకం, అనువాదం, కోనసీమ.

1. ఉపోద్ఘాతం:
'హవెవర్'కు ప్రధానంగా రెండు ప్రయోజనాలున్నాయి. పరిమాణాన్ని గాని రీతిని గాని చెప్పడం మొదటిది. 'ఎంత కష్టపడినా', 'ఎలా చేసినా' అన్న రూపాలు తెలుగులో ఆ పని చేస్తాయి. ముందు వాక్యానికి భిన్నమైన విషయాన్ని ప్రవేశపెట్టడం రెండవది. చిక్కు దీనితోనే.

2. ఒకే ధాతువు – మూడు రూపాలు:
కాని, అయితే, అయినా అనే మూడూ 'అగు' ధాతువు నుండి ఏర్పడినవే. మొదటిది వ్యతిరేక రూపం, రెండవది చేదర్థకం, మూడవది అప్యర్థకం. 'కాని' రెండు విషయాలను ఎదురెదురుగా నిలుపుతుంది. 'అయితే' ప్రసంగాన్ని మరో అంశం వైపు మళ్ళిస్తుంది. 'అయినా' ముందు వాక్యం కలిగించిన అపేక్షను భంగపరుస్తుంది.

3. వాక్య పరిశీలన:
ధవళేశ్వరం ఆనకట్ట కాలువల కింద సాగయ్యే కోనసీమలో 2011 ఖరీఫ్‌లో రైతులు పంట విరామం ప్రకటించారు. పెట్టుబడి పెరగడం, వరికి గిట్టుబాటు ధర రాకపోవడం, మురుగునీరు దిగే దారి లేకపోవడం వారు చెప్పిన కారణాలలో ముఖ్యమైనవి. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఈ ఘటనను మూడు విధాలుగా రాయవచ్చు.

అ) కాలువ నీరు ఉంది. అయితే రైతులు నాట్లు వేయలేదు.
ఆ) కాలువ నీరు ఉంది కాని రైతులు నాట్లు వేయలేదు.
ఇ) కాలువ నీరు ఉంది. అయినా రైతులు నాట్లు వేయలేదు.

మూడింటిలోనూ సమాచారం ఒకటే, తీర్పు వేరు. 'ఇ' వాక్యంలో నీరుంటే నాట్లు పడి తీరాలన్న ఊహ దాగి ఉంది. కారణం చెప్పకుండా అక్కడితో ఆపితే రైతుదే తప్పన్న ధ్వని వస్తుంది. 'ఆ' వాక్యం ఏ పక్షమూ వహించక, కారణాన్ని వెతకమంటుంది. 'అ' వాక్యం రెండు విషయాల మధ్య సంబంధాన్ని తేల్చదు. పరిశోధకుడు తన అభిప్రాయాన్ని చెప్పకుండానే దాటిపోవచ్చు. 'అయితే' అంతగా వాడుకలోకి రావడానికి ఈ సౌకర్యం కూడా ఒక కారణం కావచ్చు.

4. వాక్యమధ్య ప్రయోగం – వ్యవహారం:
ఆంగ్లంలో 'హవెవర్' కర్త తరువాత వచ్చినప్పుడు ఆ కర్తను ఇతరుల నుండి వేరుచేస్తుంది. 'భూయజమానికి కౌలు ముట్టింది. కౌలుదారుకు మాత్రం పెట్టుబడి తిరిగి రాలేదు' అన్న వాక్యంలో దానికి సరైన సమానార్థకం 'మాత్రం'. ఇక్కడ 'అయితే'ను వాక్యాదిలో పెడితే, ఎవరి నష్టాన్ని ఎత్తిచూపాలో ఆ ఊనిక పోతుంది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల వ్యవహారం ఈ భేదాలను చక్కగా పాటిస్తుంది. 'ఊడ్చాం గానండి, చేను ముంపులో పోయింది' అన్న మాటలో 'గాని' తప్ప మరొకటి అతకదు. దాన్ని విడదీసి 'ఊడ్చాం. అయితే చేను ముంపులో పోయింది' అంటే పుస్తక భాషగా వినిపిస్తుంది.

5. ముగింపు:
'హవెవర్' ఒక్క మాటతో దాటేసే చోట తెలుగు నాలుగు మాటలనిచ్చి రచయితను ఎంచుకోమంటుంది. ఆ ఎంపిక వాదంలో భాగం. రైతు వాంగ్మూలాన్ని సిద్ధాంత గ్రంథంలోకి తెచ్చేటప్పుడు అతని 'గాని'ని 'అయితే'గానో 'అయినా'గానో మార్చడం శైలిని దిద్దడం కాదు, సాక్ష్యాన్ని మార్చడమే. పర్యవేక్షకులు, పరిశోధకులు ఈ అంశంపై దృష్టి పెట్టవలసి ఉంది.